కూర్చున్న వారంతా ఒకటి కాదు

మన ఇళ్లలో తరచూ వినబడే మాట ఒకటుంది: ‘ఖాళీగా ఉన్నాడు’. చదువు ముగించి ఏడాదిగా ఉద్యోగం కోసం తిరుగుతున్న కొడుకు గురించి ఈ మాటే అంటాం. మోకాళ్ళు పనిచేయక మంచానికే పరిమితమైన నానాగారి గురించి ఈ మాటే అంటాం. ఫజ్ర్‌కు ముందే లేచి ఇషా తర్వాత కూడా వంటింట్లోనే ఉండే కోడలి గురించి ఎవరైనా అడిగితే, ‘ఆమె ఏం చేయదండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది’ అని జవాబు చెబుతాం. ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా పొద్దెక్కేదాకా దుప్పటి తీయని మనిషి గురించి కూడా ఇదే మాట. నలుగురి పరిస్థితి నాలుగు రకాలు. మనం వాడే మాట మాత్రం ఒక్కటే.

మాటే కదా, అందులో ఏముంది అనుకోకూడదు. ఒక మనిషికి మనం ఏ పేరు పెడతామో, ఆ పేరును బట్టే అతనితో వ్యవహరిస్తాం. సోమరి అనుకున్నవాణ్ణి దెప్పుతాం. అశక్తుడు అనుకున్నవాడికి చేయూతనిస్తాం. అలసిపోయాడనుకుంటే కాసేపు పడుకోనిస్తాం. పేరు తప్పితే వ్యవహారం కూడా తప్పుతుంది. హుజురాత్ సూరా 11వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనీ, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దనీ వారించాడు. కష్టంలో ఉన్నవాణ్ణి సోమరి అనడం ఆ చెడ్డ పేర్లలోకే వస్తుందని మనలో చాలామందికి తట్టదు.

పని చేయకుండా ఉండటాన్ని తెలిపే పదాలు దివ్య ఖుర్ఆన్‌లోనూ, హదీసుల్లోనూ ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని నిందను తెలుపుతాయి, కొన్ని జాలిని తెలుపుతాయి, కొన్ని దైవానుగ్రహాన్ని తెలుపుతాయి. వాటిలో చాలా పదాలు ఉర్దూ ద్వారా మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చి చేరాయి. దారిలో వాటి అర్థాలు కొంత మారాయి. ముఖ్యమైన కొన్నింటిని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

అజ్‌జ్, కసల్

హజ్రత్ అనస్ (రజి) చిన్న వయసు నుంచే దైవప్రవక్త (సఅసం) సేవలో ఉన్నారు. ఆయన తరచుగా చేసే ఒక దుఆను అనస్ (రజి) విని మనకు అందజేశారు. అది బుఖారీలో ఉంది. ఆ దుఆలో దైవప్రవక్త (సఅసం) ఎనిమిది విషయాల నుంచి అల్లాహ్ శరణు కోరారు. అవి జంటలు జంటలుగా వస్తాయి: చింత, దుఃఖం, అజ్‌జ్, కసల్, పిసినారితనం, పిరికితనం, అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం. రెండో జంట మన పాఠానికి సంబంధించినది.

అజ్‌జ్ అంటే చేయాలని ఉన్నా శక్తి లేకపోవడం. కసల్ అంటే శక్తి ఉన్నా చేయాలని లేకపోవడం. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (హిజ్రీ 691-751) ఈ తేడానే చూపించారు. ఒక మేలు మనిషి చేజారడానికి శక్తి లేకపోవడం కారణమైతే అది అజ్‌జ్, సంకల్పం లేకపోవడం కారణమైతే అది కసల్ అని ఆయన వివరించారు. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనబడతాయి. ఇద్దరూ కూర్చునే ఉంటారు. కాని మొదటివాడికి కావలసింది సహాయం, రెండోవాడికి కావలసింది హితబోధ. మొదటివాడికి హితబోధ చేస్తే పుండు మీద కారం చల్లినట్టే. రెండోవాడికి డబ్బు సాయం చేస్తూ పోతే అతని జబ్బును పెంచినట్టే.

అజ్‌జ్ అనే ధాతువు నుంచే ‘అజూజ్’ అనే పదం వచ్చింది. అంటే వృద్ధురాలు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) సతీమణి తనకు కొడుకు పుడతాడన్న శుభవార్త విని, తాను అజూజ్‌నని చెప్పుకుంటూ ఆశ్చర్యపోయిన సంగతి హూద్ సూరా 72వ ఆయతులో ఉంది. వయసు తెచ్చిన అశక్తత నింద కాదు. ఉర్దూలో మనం ‘ఆజిజీ’ అంటాం, వినయం అనే అర్థంలో. అల్లాహ్ ముందు దాసుడు తన అశక్తతను ఒప్పుకోవడమే ఆ వినయానికి మూలం.

అయితే అల్లాహ్ ముందు ఆజిజీ వేరు, పని ముందు ఆజిజీ వేరు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. బలహీన విశ్వాసి కన్నా బలమైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని దైవప్రవక్త (సఅసం) అందులో తెలియజేశారు. వెంటనే ఇద్దరిలోనూ మేలు ఉందన్నారు. ఆ తర్వాత, ప్రయోజనం కలిగించే దాని కోసం పాటుపడమనీ, అల్లాహ్ సహాయం కోరమనీ, చేతకాదని చతికిలబడవద్దనీ బోధించారు. ఈ చివరి ఆదేశంలో వచ్చినది అజ్‌జ్ ధాతువే. నిజంగా శక్తి లేనివాడికి ఈ ఆదేశం ఎలా వర్తిస్తుంది? శక్తి ఉండి కూడా తనకు తానే అశక్తుడనే పేరు తగిలించుకునేవాడికే ఈ హెచ్చరిక.

ఇక కసల్. దివ్య ఖుర్ఆన్‌లో ఈ ధాతువు ‘కుసాలా’ అనే రూపంలో రెండే చోట్ల వచ్చింది: నిసా సూరా 142, తౌబా సూరా 54. రెండు చోట్లా కపట విశ్వాసుల నమాజు గురించే. వారు నమాజుకు లేస్తారు, కాని మనసు లేకుండా బరువుగా లేస్తారు. గమనించండి. వారు పైకి కూర్చున్నవారు కారు, నిలబడినవారు. అయినా వారికి బద్ధకస్తులనే పేరే వచ్చింది. అంటే కసల్ కాళ్లలో ఉండేది కాదు, మనసులో ఉండేది.

దీని పక్కనే మరో ఉల్లేఖనం పెట్టి చూడాలి. తహజ్జుద్ నమాజును వదలవద్దని హజ్రత్ ఆయిషా (రజి) ఒక వ్యక్తికి చెబుతూ, దైవప్రవక్త (సఅసం) దాన్ని వదిలేవారు కాదనీ, జబ్బు చేసినా, శరీరం కసల్‌గా ఉన్నా కూర్చుని చేసేవారనీ తెలిపారు (అబూ దావూద్). పదం అదే. కాని ఇక్కడ దాని అర్థం శరీరపు అలసట మాత్రమే. కపటుల శరీరం నిలబడింది, మనసు లేవలేదు. దైవప్రవక్త (సఅసం) శరీరం కూర్చుంది, మనసు నిలబడే ఉంది. ఒకే పదం ఎవరి విషయంలో, ఏ సందర్భంలో వచ్చిందో చూడకుండా తీర్పు చెప్పకూడదని దీనివల్ల బోధపడుతుంది.

ఖుఊద్ : కూర్చోవడం

‘ఖుఊద్’ అంటే కూర్చోవడం. నమాజులో రెండో రకాతు తర్వాత, చివరి రకాతు తర్వాత మనం కూర్చునేదాన్ని ఖాదా అంటాం. అరబ్బులు యుద్ధాలు మానుకుని కూర్చునే నెల కాబట్టి జుల్‌ఖాదాకు ఆ పేరు వచ్చిందని పండితులు చెబుతారు. కనుక కూర్చోవడం తనంతట తాను తప్పు కాదు.

మరి అది ఎప్పుడు తప్పవుతుంది? మాయిదా సూరా 24వ ఆయతును చూడండి. పవిత్ర భూమిలోకి ప్రవేశించమని హజ్రత్ మూసా (అలై) ఆదేశించినప్పుడు, ఆయన జాతివారు ఆయననూ ఆయన ప్రభువునూ వెళ్లి పోరాడమని చెప్పి, తాము అక్కడే కూర్చుంటామన్నారు. ఇది శక్తి లేని కూర్చోవడం కాదు, తిరస్కారంతో కూడిన కూర్చోవడం.

నిసా సూరా 95వ ఆయతు మరింత శ్రద్ధగా చదవవలసినది. అల్లాహ్ మార్గంలో ధన ప్రాణాలతో పాటుపడేవారూ, ఇంటి దగ్గర కూర్చుండిపోయేవారూ సమానులు కారని ఆ ఆయతు చెబుతుంది. అది అవతరించినప్పుడు దైవప్రవక్త (సఅసం) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) చేత రాయిస్తున్నారు. అంతలో హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చారు. ఆయన అంధులు. తనకు చూపు ఉంటే తప్పక బయలుదేరేవాడినని మొరపెట్టుకున్నారు. అప్పుడే, అదే కూర్చోవడంలో వహీ మళ్లీ వచ్చింది. ఆటంకం ఉన్నవారికి మినహాయింపునిచ్చే చిన్న పదబంధం ఆ ఆయతులో చేరింది (బుఖారీ).

సోదరులారా! ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కూర్చున్నవారు అనే మాట ఒక అంధుని హృదయాన్ని గాయపరచకుండా ఉండేందుకు అల్లాహ్ మినహాయింపును అవతరింపజేశాడు. ప్రళయం దాకా ఆ ఆయతు చదివే ప్రతివాడూ ఆ మినహాయింపును కూడా చదవాలి. మరి మనం మాట్లాడే మాటల్లో ఎవరికైనా మినహాయింపు ఉంటోందా? ఈ ఇబ్నె ఉమ్మె మక్తూమే (రజి) మస్జిదె నబవీలో ఫజ్ర్ అజాన్ ఇచ్చేవారు. దైవప్రవక్త (సఅసం) బయటికి వెళ్లినప్పుడు మదీనాలో ఆయనను తన ప్రతినిధిగా నియమించిన సందర్భాలున్నాయి. చూపు లేనివారికి కూడా అక్కడ పని దొరికింది, గౌరవం దొరికింది.

తబూక్ వేళ మదీనాలో మిగిలినవారు

హిజ్రీ 9వ సంవత్సరం (క్రీ.శ. 630). ఎండలు మండుతున్నాయి, తోటల్లో పళ్లు పక్వానికి వచ్చాయి. దైవప్రవక్త (సఅసం) తబూక్ ప్రయాణం ప్రకటించారు. సైన్యం వెళ్లిపోయాక మదీనాలో మిగిలిపోయిన పురుషులను పైనుంచి చూస్తే అందరూ ఇంటి పట్టున కూర్చున్నవారే. కాని వారు నాలుగు రకాలు.

మొదటివారు, విధి మీద ఆగినవారు. హజ్రత్ అలీ (రజి)ని దైవప్రవక్త (సఅసం) స్వయంగా మదీనాలో ఉంచారు. స్త్రీల మధ్య, పిల్లల మధ్య వదిలి వెళుతున్నారా అని అలీ (రజి) బాధపడ్డారు. మూసా (అలై)కు హారూన్ (అలై) ఎలాంటివారో తన దగ్గర ఆయన స్థానం అలాంటిదనీ, అయితే తన తర్వాత ప్రవక్త లేరనీ దైవప్రవక్త (సఅసం) ఓదార్చారు (బుఖారీ, ముస్లిం). ఇంటిని చూసుకుంటూ ఆగిపోవడం అంటే ఏమిటో తెలియాలంటే ఈ హదీసు చాలు. ఇంటి పట్టున ఉండే మన స్త్రీలను ఖాళీగా ఉన్నారనేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

రెండోవారు, అశక్తులు. బలహీనులు, రోగులు, ఖర్చుకు లేనివారి మీద నింద లేదని తౌబా సూరా 91వ ఆయతు ప్రకటించింది. ఆ తర్వాతి ఆయతులో మరికొందరు కనబడతారు. వారు వాహనం అడగడానికి వచ్చారు. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. ఖర్చుపెట్టడానికి తమ దగ్గర ఏమీ లేదన్న దుఃఖంతో వారు కన్నీళ్లు కారుస్తూ వెనుదిరిగారు. చరిత్ర వారిని ‘బక్కాఈన్’ అని, అంటే విలపించినవారని గుర్తుంచుకుంది. తబూక్ నుంచి తిరిగి వస్తూ దైవప్రవక్త (సఅసం), మదీనాలో కొందరున్నారనీ, మీరు నడిచిన ప్రతి దారిలో, దాటిన ప్రతి లోయలో వారు మీతోనే ఉన్నారనీ, ఆటంకమే వారిని ఆపిందనీ తన అనుచరులకు తెలిపారు (బుఖారీ). ఇంట్లో కూర్చున్నవారికి ప్రయాణం చేసిన పుణ్యం!

మూడోవారు, కపటులు. వారు సాకులు చెప్పి ఆగిపోయారు. పైగా ఎండలో బయలుదేరవద్దని ఇతరులను కూడా ఆపారు (తౌబా : 81).

నాలుగోవారు, ముగ్గురు నిజమైన విశ్వాసులు: కఅబ్ బిన్ మాలిక్, మురారా బిన్ రబీ, హిలాల్ బిన్ ఉమయ్యా (రజి). కఅబ్ (రజి) తన కథను తానే వివరంగా చెప్పారు. అది బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది. అంతకుముందెన్నడూ లేనంత స్థోమత ఆయనకు అప్పుడుంది. ఒకేసారి రెండు వాహనాలు ఎన్నడూ లేని ఆయనకు ఆ సమయంలో రెండున్నాయి. రోజూ ఉదయం ప్రయాణ సన్నాహాలకని బయలుదేరేవారు. ఏమీ చేయకుండానే తిరిగి వచ్చేవారు. ఎప్పుడనుకుంటే అప్పుడు చేయగలను కదా అనుకునేవారు. రేపు, రేపు అంటుండగానే సైన్యం వెళ్లిపోయింది. ఇలా వాయిదా వేయడాన్ని మన పండితులు ‘తస్వీఫ్’ అంటారు. అరబీలో ‘సౌఫ’ అంటే ‘తర్వాత చేస్తా’ అని తెలిపే మాట. దాని నుంచే ఈ పేరు వచ్చింది.

సైన్యం వెళ్లిపోయాక మదీనా వీధుల్లో తిరిగితే, కపటులని పేరుపడినవారూ, అల్లాహ్ మన్నించిన బలహీనులూ తప్ప తనకు మరెవరూ కనబడలేదని కఅబ్ (రజి) చెప్పుకున్నారు. ఆ దృశ్యం ఆయనను కుంగదీసింది. తాను ఈ రెండు వర్గాల్లో దేనికి చెందుతాడు?

ఇక్కడ రెండు విషయాలు మనం నేర్చుకోవాలి. ఒకటి, తబూక్‌లో జరిగింది. దైవప్రవక్త (సఅసం) కఅబ్ గురించి అడిగారు. ఆయన తెగకే చెందిన ఒక వ్యక్తి, కఅబ్‌ను అతని రెండు వస్త్రాలూ, తన అందం చూసుకునే మురిపెమూ ఆపేశాయని అన్నాడు. వెంటనే హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) అతన్ని మందలించారు. కఅబ్ గురించి తమకు మంచి తప్ప మరేమీ తెలియదని దైవప్రవక్త (సఅసం) ముందు సాక్ష్యం చెప్పారు. అక్కడ లేని మనిషికి చెడ్డ పేరు పడబోతుంటే ముఆజ్ (రజి) అడ్డుకున్నారు.

రెండోది, మదీనాలో జరిగింది. దైవప్రవక్త (సఅసం) తిరిగి వచ్చాక ఎనభై మందికి పైగా వచ్చి ప్రమాణాలు చేసి సాకులు చెప్పారు. వాటిని ఆయన పైకి అంగీకరించి, వారి అంతరంగాలను అల్లాహ్‌కు వదిలేశారు. కఅబ్ (రజి) మాత్రం సాకు వెతుక్కోలేదు. తనకు ఏ ఆటంకమూ లేదనీ, ఆ సమయంలో ఉన్నంత బలం, స్థోమత తనకు మునుపెన్నడూ లేవనీ ఉన్నదున్నట్టు చెప్పేశారు. అంటే, తనది అజ్‌జ్ కాదని తన నోటితోనే ఒప్పుకున్నారు. ఫలితంగా యాభై రాత్రులు ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత అల్లాహ్ ఆ ముగ్గురి పశ్చాత్తాపాన్ని స్వీకరించాడు (తౌబా : 118).

ఆ ఆయతులో ఆ ముగ్గురి గురించి ‘ఖుల్లిఫూ’ అన్న పదం వచ్చింది. వెనుక ఉంచబడినవారు అని దాని అర్థం. ఇది తాము యుద్ధానికి వెళ్లకుండా వెనుకబడటం గురించి కాదనీ, ప్రమాణాలు చేసినవారి విషయం అప్పుడే ముగిసిపోగా తమ విషయం తీర్పు కోసం వెనక్కి ఉంచబడటం గురించనీ కఅబ్ (రజి) స్వయంగా వివరించారు. మాటల అర్థం విషయంలో సహాబాలు ఎంత జాగ్రత్తగా ఉండేవారో చూడండి.

మంచి పేరు తగిలించుకున్న సోమరితనం

ఇతరుల కష్టానికి చెడ్డ పేరు పెట్టడం ఒక తప్పయితే, మన బద్ధకానికి మంచి పేరు పెట్టుకోవడం మరో తప్పు. దుకాణం తెరవనివాడు ‘తవక్కుల్’ అంటాడు. పిల్లల చదువు పట్టించుకోనివాడు ‘తఖ్దీర్’ అంటాడు. అన్యాయం జరుగుతుంటే నోరు విప్పనివాడు ‘సబ్ర్’ అంటాడు.

యమన్ నుంచి కొందరు దారి బత్తెం లేకుండా హజ్జ్‌కు వచ్చేవారు. తాము అల్లాహ్ మీద భారం వేసినవారమని చెప్పుకునేవారు. మక్కా చేరాక జనాన్ని యాచించేవారు. బఖరా సూరా 197వ ఆయతులో బత్తెం తెచ్చుకోమన్న ఆజ్ఞ ఈ సందర్భంలోనే అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు (బుఖారీ). తవక్కుల్‌కు ఉదాహరణగా దైవప్రవక్త (సఅసం) పక్షులను చూపించారు. అవి ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరి, సాయంత్రం నిండు కడుపుతో తిరిగి వస్తాయి (తిర్మిజీ). గూట్లో కూర్చున్న పక్షిని ఆయన ఉదాహరణగా ఇవ్వలేదు. యాచించడం కన్నా తాడు తీసుకుని వెళ్లి కట్టెల మోపు వీపున మోసుకొచ్చి అమ్ముకోవడం మేలని కూడా ఆయన బోధించారు (బుఖారీ).

విశ్రాంతిని తెలిపే పదాలు

పని ఆపడమంతా తప్పే అనుకుంటే అది కూడా ఇస్లాం బోధన కాదు. రాత్రిని విశ్రాంతి కోసం చేశానని అల్లాహ్ అన్‌ఆమ్ సూరా 96వ ఆయతులో ‘సకన్’ అనే పదం వాడాడు. భార్యాభర్తల బంధం గురించి రూమ్ సూరా 21వ ఆయతులో కూడా ఈ ధాతువే ఉంది. సుకూన్ (నెమ్మది), సకీనా (మనశ్శాంతి), మస్కన్ (ఇల్లు), మిస్కీన్ (నిరుపేద) అన్నీ ఈ ధాతువు నుంచి వచ్చినవే.

ఖాయిదా చదివే పిల్లలకు సుకూన్ గుర్తు తెలుసు. అక్షరం మీద జబర్, జేర్, పేష్ ఏదీ లేనప్పుడు ఆ గుర్తు వస్తుంది. సుకూన్ ఉన్న అక్షరం పలకని అక్షరం కాదు. ముందున్న అక్షరాన్ని ఆనుకుని పలికే అక్షరం. దాన్ని తీసేస్తే పదమే చెడిపోతుంది. మన ఇంట్లోని వృద్ధులు కూడా అంతే. కదలిక లేకపోవచ్చు, కాని వారు లేకుండా ఇల్లు సరిగా పలకదు.

మిస్కీన్ అంటే పని చేయనివాడు అని మనలో కొందరికి అభిప్రాయం ఉంది. అది సరికాదు. కహఫ్ సూరా 79వ ఆయతులో మిస్కీన్లు సముద్రంలో పని చేసుకునే పడవవాళ్లు. వాళ్లు కష్టపడుతున్నారు, అయినా చాలడం లేదు. ఒకటి రెండు ముద్దల కోసం ఇంటింటికీ తిరిగేవాడు కాదు, అవసరానికి సరిపడా లేకపోయినా, ఎవరి కంటా పడక, ఎవరినీ అడగనివాడే మిస్కీన్ అని దైవప్రవక్త (సఅసం) వివరించారు (బుఖారీ, ముస్లిం).

అలసటకు ‘ఫుతూర్’ అనే పదం ఉంది. ఒకసారి దైవప్రవక్త (సఅసం) మస్జిదులో రెండు స్తంభాల మధ్య కట్టిన తాడును చూశారు. అది హజ్రత్ జైనబ్ (రజి)దనీ, నమాజులో అలసిపోతే దాన్ని పట్టుకుంటారనీ చెప్పారు. ఆయన ఆ తాడును విప్పించారు. ఉత్సాహం ఉన్నంత వరకే నమాజు చేయాలనీ, అలసట వస్తే కూర్చోవాలనీ ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). నిసా సూరాలో నింద తెలిపిన ఖుఊద్ ధాతువే ఇక్కడ ఆదేశంగా వచ్చింది. రోజంతా పని చేసి వచ్చిన మనిషిని, పరీక్షలకు చదివి సోలిపోయిన పిల్లవాణ్ణి కూర్చోనివ్వడం సున్నత్‌కు అనుగుణమైన పనే.

ఇక ‘ఫరాగ్’ అంటే తీరిక. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది ‘మగ్బూన్’ అవుతారని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు (బుఖారీ). మగ్బూన్ అంటే బేరంలో మోసపోయినవాడు, విలువైన సరుకును చవకగా ఇచ్చేసినవాడు. తీరిక పాపం కాదు, పెట్టుబడి. ఒక పని నుంచి ఫారిగ్ అయ్యాక మరో శ్రమకు పూనుకోమని ఇన్షిరాహ్ సూరా 7వ ఆయతు బోధిస్తుంది. మన మదర్సాల్లో చదువు పూర్తి చేసినవాణ్ణి ‘ఫారిగ్’ అంటారు. అదే మాటను వీధిలో పనీపాటా లేనివాడికీ వాడతారు. రెంటిలో ఏ అర్థానికి తాను తగినవాడో ఫారిగ్ అయిన ప్రతి విద్యార్థీ తేల్చుకోవాలి.

మన వాడుక మాటలు

ఉర్దూలో ఉద్యోగం నుంచి నిలిపివేయబడినవాణ్ణి ‘ముఅత్తల్’ అంటారు. సెలవులను ‘తాతీలాత్’ అంటారు. హజ్జ్ సూరా 45వ ఆయతులో, నాశనమైన ఊళ్ల ప్రస్తావనలో, తోడేవారు లేక పాడుబడిన బావికి ఇదే పదం వచ్చింది. బావిలో నీరుండి తోడేవారు లేకపోతే తప్పు బావిది కాదు. చదువు ఉండి, ఆరోగ్యం ఉండి, తిరిగినచోటల్లా లేదనిపించుకుని ఇంటికి వచ్చే యువకుడికి తగిన పదం ఇది. అతణ్ణి ‘బేకార్’ అనీ, ‘నికమ్మా’ అనీ అనడం అన్యాయం. ‘బేకార్’ అంటే పని లేనివాడనే అర్థం. మన నోట్లో అది పనికిరానివాడుగా మారిపోయింది. పని లేకపోవడం వేరు, పనికిరాకపోవడం వేరు.

తెలుగులో మనం వాడే ‘ఖాళీ’ కూడా అరబీ పదమే. హాఖ్ఖా సూరా 24వ ఆయతులో స్వర్గవాసులకు లభించే విందు గురించి చెబుతూ, వారు గడచిన దినాల్లో చేసుకున్న పనులకు అది ప్రతిఫలమని అల్లాహ్ తెలిపాడు. అక్కడ గడచిన దినాలకు వచ్చిన పదం ‘ఖాలియా’. ‘ఈ రోజు ఖాళీ’ అని మనం తేలిగ్గా అనేస్తాం. అరబీలో ఆ మాటకు గడచిపోయింది, ఇక తిరిగి రాదు అన్న అర్థం కూడా ఉంది.

ఆచరణలో పెట్టవలసినవి

ఈ పాఠం నుంచి మన ఇళ్లలో అమలు చేయదగిన మూడు విషయాలు చెప్పి ముగిస్తాను.

ఒకటి: ఎవరినైనా సోమరి అనే ముందు మనల్ని మనం అడగాలి. అతనికి శక్తి ఉందా? అవకాశం ఉందా? మనకు కనబడని పని ఏదైనా చేస్తున్నాడా? ఈ మూడింటికీ జవాబు తెలియనప్పుడు ముఆజ్ (రజి) చెప్పినట్టు, మంచి తప్ప మరేమీ తెలియదని అనడమే క్షేమం.

రెండు: మన విషయం వచ్చినప్పుడు కఅబ్ (రజి)లా ఉండాలి. మన కసల్‌కు తవక్కుల్ అనో, అజ్‌జ్ అనో పేరు మార్చకూడదు. జబ్బు పేరు తప్పు చెప్పినవాడికి హకీమ్ ఏ మందు ఇవ్వగలడు?

మూడు: నిజంగా కసల్ ఉంటే దానికి చికిత్స ఉంది. మనిషి నిద్రపోయినప్పుడు షైతాన్ అతని తల వెనుక మూడు ముడులు వేస్తాడనీ, లేచి అల్లాహ్‌ను స్మరిస్తే ఒకటి, వుజూ చేస్తే రెండోది, నమాజు చేస్తే మూడోది విడిపోతాయనీ దైవప్రవక్త (సఅసం) తెలిపారు. అలా చేసినవాడు ఉత్సాహంతో తెల్లవారతాడు, చేయనివాడు ‘కస్లాన్’గా, అంటే బద్ధకంతో తెల్లవారతాడు (బుఖారీ, ముస్లిం). చికిత్స కొండంత పని కాదు. మొదటి ముడికి పెదవులు కదిపితే చాలు. రెండో ముడికి చెంబెడు నీళ్లు చాలు. మూడో ముడికి రెండు రకాతులు చాలు.

ఇంట్లో పొద్దెక్కేదాకా పడుకునే కొడుకు ఉంటే, రేపు ఉదయం అతన్ని పేరు పెట్టి తిట్టకుండా ఒక్కసారి ఫజ్ర్‌కు మెల్లగా లేపి చూడండి. ముడులు విప్పడంలో మనం సాయపడాలి గాని, మన మాటలతో నాలుగో ముడి వేయకూడదు.

అల్లాహ్ మనందరినీ అజ్‌జ్ నుంచీ, కసల్ నుంచీ కాపాడుగాక! అశక్తులకు తోడ్పడే మనసునూ, మనల్ని మనం ఉన్నదున్నట్టు చూసుకునే ధైర్యాన్నీ, ఇతరుల గురించి మంచి మాట పలికే నాలుకనూ ప్రసాదించుగాక! ఆమీన్.